అబద్ధపు ప్రచారంపై ఫిర్యాదుకు సి-విజిల్ ఎంతవరకు పనికొస్తుంది?

ఎన్నికల కోడ్ అమల్లోకి రాగానే ఎవరిని అడిగినా ఒకటే సలహా ఇస్తారు: "సి-విజిల్‌లో పెట్టండి, వంద నిమిషాల్లో వస్తారు." ఎన్నికల సంఘం 2018లో తెచ్చిన ఈ యాప్ విషయంలో ఆ సలహా సగం నిజం. అనుమతి లేని ఫ్లెక్సీ, డబ్బు పంపకం, మద్యం సీసాలు, రాత్రి 10 దాటాక మోగే మైకు లాంటివాటికి ఇంత సులువైన ఫిర్యాదు మార్గం మరొకటి లేదు. అభ్యర్థి మీద పచ్చి అబద్ధం ప్రచారం చేస్తున్నారని చెప్పుకోవడానికి మాత్రం ఒక్క ఈ యాప్‌నే నమ్ముకుంటే చాలాసార్లు చేతికి ఏమీ రాదు. ఆ రెండో పని కోణంలోంచి చూసి రాస్తున్న సమీక్ష ఇది. మార్కులు ముందే చెప్పేస్తాం: ముద్రించిన కరపత్రాలకు అయిదులో నాలుగు, మైకు ప్రచారానికి మూడు, వాట్సాప్, ఫేస్‌బుక్, యూట్యూబ్‌లో తిరిగే అబద్ధాలకు ఒకటి.

యాప్ పనితీరు ఇలా ఉంటుంది. తెరిచి ఫొటోగానీ, రెండు నిమిషాలకు మించని వీడియోగానీ అక్కడికక్కడే తీయాలి. ఆడియో కూడా రికార్డు చేయవచ్చు. జీపీఎస్ ద్వారా స్థలం దానంతటదే నమోదవుతుంది. తీశాక 5 నిమిషాల్లోపు అప్‌లోడ్ చేయాలి. ఫిర్యాదు జిల్లా కంట్రోల్ రూమ్‌కు చేరితే వాళ్లు 5 నిమిషాల్లో దగ్గర్లోని ఫ్లయింగ్ స్క్వాడ్‌కో, ఒకే చోట కాపు కాసే స్టాటిక్ నిఘా బృందానికో అప్పగిస్తారు. ఆ బృందం 15 నిమిషాల్లో చోటు చేరాలి, అరగంటలో పరిశీలన, చర్య ముగించాలి, నివేదిక నియోజకవర్గంలో ఎన్నిక నిర్వహించే రిటర్నింగ్ అధికారికి పంపాలి. ఆయన నిర్ణయానికి 50 నిమిషాలు. అన్నీ కలిపితే ఆ వంద నిమిషాలు.

2024 లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు మార్చి 16న వచ్చింది. మార్చి 29 నాటికే 79 వేలకు పైగా ఫిర్యాదులు అందాయని, 99 శాతం పరిష్కారమయ్యాయని, 89 శాతం వంద నిమిషాల్లోపే తేలాయని సంఘం ప్రకటించింది. వేగం విషయంలో మెచ్చుకోవాల్సిందే. అదే ప్రకటనలో ఇంకో అంకె ఉంది: 58,500కు పైగా, అంటే 73 శాతం ఫిర్యాదులు అక్రమ హోర్డింగులు, బ్యానర్ల మీదే. డబ్బు, బహుమతులు, మద్యం పంపకాలపై వచ్చినవి 1,400 పైచిలుకు. ఈ యాప్‌కు ఏది చేతనవునో జనం వాడకమే చెబుతోంది. బృందం వెళ్లి చూడగానే తెలిసిపోయే ఉల్లంఘన అయితే తొలగిస్తారు, ఫిర్యాదు ముగిస్తారు. "ఈ కరపత్రంలో రాసింది అబద్ధం" అన్న ఫిర్యాదును ఫ్లయింగ్ స్క్వాడ్ గోడ దగ్గర నిలబడి ఎలా తేలుస్తుంది? అది వాళ్ల పని కాదు, ఆ అధికారం కూడా వాళ్లకు లేదు.

ఇంతకీ చట్టం దేన్ని అబద్ధం అంటుందో ముందు చూడాలి. ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం దెబ్బతినేది ఇక్కడే.

1951 ప్రజా ప్రాతినిధ్య చట్టం సెక్షన్ 123(4) ప్రకారం అబద్ధపు ప్రకటన "అవినీతికర చర్య" (రుజువైతే ఎన్నిక రద్దయ్యే తప్పు) కావాలంటే కొన్ని అంశాలు కలిసి రావాలి. అది వాస్తవంగా చెప్పిన మాట అయి ఉండాలి, అభిప్రాయం కాకూడదు. అది తప్పు అయి ఉండాలి. చెప్పినవాడికి అది తప్పని తెలిసి ఉండాలి, లేదా నిజమన్న నమ్మకం లేకుండా చెప్పి ఉండాలి. ఆ మాట ఒక అభ్యర్థి వ్యక్తిగత శీలం, నడవడి గురించో, అతని పోటీ లేదా ఉపసంహరణ గురించో అయి ఉండాలి. అతని గెలుపు అవకాశాలను దెబ్బతీసేలా ఉండాలి. చివరి షరతు అన్నిటికన్నా కఠినం: ఆ మాట ఎదుటి అభ్యర్థో, అతని ఎన్నికల ఏజెంటో, వాళ్ల సమ్మతితో మరొకరో ప్రచురించి ఉండాలి. సమ్మతి ఉన్నట్టు రుజువు చేయలేక కూలిపోయే పిటిషన్లు చాలా ఎక్కువ. ఉత్సాహం కొద్దీ ఎవరో అభిమాని పెట్టిన పోస్టు అభ్యర్థి మెడకు చుట్టుకోవాలంటే వాళ్లిద్దరి మధ్య లింకు కాగితం మీద కనిపించాలి.

"ఆయన అయిదేళ్లలో ఒక్క రోడ్డు వేయలేదు" అన్నది అబద్ధమే అయినా 123(4) కిందికి రావడం కష్టం. అది ప్రజా జీవితంలో పనితీరుపై విమర్శ. "మా ప్రభుత్వం ఇన్ని లక్షల ఉద్యోగాలిచ్చింది" అన్న గొప్పలూ అంతే. పథకాల గురించి, గణాంకాల గురించి చెప్పే తప్పుడు మాటలకు ఈ సెక్షన్ వర్తించదు. "ఫలానా అభ్యర్థి ఫలానా హత్యలో నిందితుడు" అని లేని కేసును అంటగడితే మాత్రం అది సూటిగా ఈ సెక్షన్ కిందికే వస్తుంది. తిట్టుకూ వాస్తవ ప్రకటనకూ మధ్య గీత పలచనిది. రాజస్థాన్ నుంచి వచ్చిన కుమారానంద్ వర్సెస్ బ్రిజ్‌మోహన్‌లాల్ శర్మ కేసులో (1967) ఎన్నికల సభలో చదివిన పద్యంలో ప్రత్యర్థిని పెద్ద దొంగ అన్నారు. అది వట్టి తిట్టు అన్న వాదన సుప్రీంకోర్టు ముందు నిలవలేదు. వాస్తవ ప్రకటనగానే పరిగణించింది. పాటల్లో, పేరడీల్లో పెట్టి అంటే చెల్లుతుందనుకునే ప్రచార బృందాలు ఈ తీర్పు చదవాలి.

క్రిమినల్ వైపు చూస్తే, ఎన్నికలో అభ్యర్థి శీలం, నడవడిపై అబద్ధం చెప్పడాన్ని నేరంగా చూసే పాత ఐపీసీ సెక్షన్ 171జి ఉండేది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత 175 వచ్చింది. దీనికి అభ్యర్థి సమ్మతి అక్కర్లేదు, ఎవరు చేసినా నేరమే. శిక్ష జరిమానా మాత్రమే. పైగా ఇది నాన్-కాగ్నిజబుల్: మేజిస్ట్రేట్ ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. "స్టేషన్‌కు వెళ్తే కేసు కట్టలేదు" అన్న ఫిర్యాదులకు అసలు కారణం చాలాసార్లు ఇదే. ఎస్సైని నిందించి లాభం లేదు, మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లాలి. ఇంకో తేడా కూడా గుర్తుంచుకోవాలి. పోలింగ్ ముందు రాత్రి "ఫలానా అభ్యర్థి పోటీ నుంచి తప్పుకున్నాడు" అని పార్టీ లెటర్‌హెడ్ మీద దొంగ లేఖ తిరుగుతుంది. అది 123(4) కిందికి వస్తుంది గానీ 175 కిందికి రాదు. ఎందుకంటే 175లో శీలం, నడవడి మాత్రమే ఉన్నాయి, ఉపసంహరణ లేదు. అలాంటి లేఖకు ఫోర్జరీ (న్యాయ సంహిత 336) కింద ఫిర్యాదు ఇవ్వడం మేలు.

మళ్లీ యాప్‌కు వద్దాం. నాలుగు మార్కులు ఇచ్చింది ఆకాశరామన్న కరపత్రాల కోసం. అందులో రాసింది అబద్ధమా నిజమా అని తేల్చనక్కర్లేకుండానే పట్టుకునే సెక్షన్ ప్రజా ప్రాతినిధ్య చట్టంలోనే ఒకటుంది: 127ఎ. ఎన్నికల కరపత్రం, పోస్టరు ఏదైనా దాని మీద ముద్రించినవారి పేరు, చిరునామా, ప్రచురణకర్త పేరు, చిరునామా ఉండి తీరాలి. ప్రచురణకర్త తానెవరో తెలిపే డిక్లరేషన్ మీద సంతకం చేసి, తనను స్వయంగా ఎరిగిన ఇద్దరి చేత ధ్రువీకరింపజేసి, రెండు ప్రతులు ప్రెస్సుకు ఇవ్వాలి. ప్రెస్సువారు ఒక డిక్లరేషన్ ప్రతితో పాటు ముద్రించిన కాగితాన్ని కూడా పంపాలి: రాష్ట్ర రాజధానిలో అయితే ప్రధాన ఎన్నికల అధికారికి, మిగతా చోట్ల జిల్లా కలెక్టరుకు. సంఘం ఆదేశాల ప్రకారం ముద్రించిన మూడు రోజుల్లోపు నాలుగు ప్రతులు, ఎన్ని కాపీలు వేశారు, ఎంత తీసుకున్నారు అన్న వివరాలతో చేరాలి. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

"ముద్రణ" అంటే ఆఫ్‌సెట్ ప్రెస్సే అనుకోకండి. చేత్తో రాసి నకలు తీయడం తప్ప, కాపీల సంఖ్యను పెంచే ఏ పద్ధతైనా ముద్రణే అని సెక్షన్ చెబుతుంది. జిరాక్స్ తీసి తలుపుల కింద తోసిన కాగితం కూడా ఇందులోకి వస్తుంది. హోర్డింగులు, ఫ్లెక్సీల మీద కూడా ముద్రణకర్త, ప్రచురణకర్త వివరాలు ఉండాలని 2024 ఏప్రిల్‌లో సంఘం మరోసారి స్పష్టంగా ఆదేశించింది. సభ తేదీ, సమయం, చోటు మాత్రమే తెలిపే పోస్టరుకు మినహాయింపు ఉంది. దాని మీద ఫిర్యాదు చేసి బృందం సమయం తినకండి.

కాబట్టి అబద్ధపు కరపత్రం దొరికితే యాప్‌లో "ఇది అబద్ధం" అని వ్యాసం రాయవద్దు. డిక్లరేషన్ లేని పోస్టర్ల విభాగాన్ని ఎంచుకుని, వివరణలో ఒకే వాక్యం: "ముద్రణకర్త, ప్రచురణకర్త పేర్లు లేవు, 127ఎ ఉల్లంఘన." బృందానికి అది కంటితో తేల్చగల విషయం. కాగితాలు స్వాధీనం చేసుకోవచ్చు, పంచుతున్నవారిని అడగవచ్చు, ఏ ప్రెస్సులో వేశారో ఆరా తీయవచ్చు.

తీసే పద్ధతిలోనూ జాగ్రత్తలున్నాయి. కరపత్రానికి ఫొటో కంటే ముప్పై, నలభై సెకన్ల వీడియో మంచిది. మొదట చుట్టుపక్కల కనిపించాలి: దుకాణం బోర్డు, వీధి మలుపు, కట్టలుగా పేర్చి ఉన్న కాగితాలు. తర్వాత ఒక కాగితం ముందు వైపు, ఆ తర్వాత అడుగు అంచు నెమ్మదిగా, చివరికి వెనక వైపు. పేర్లు లేవని చూపాలంటే అంచులన్నీ కనబడాలి. అంచు కోసేసిన ఫొటో చూసి "పేరు ఆ ముక్కలో ఉందేమో" అంటే మీ దగ్గర జవాబుండదు. సిగ్నల్ బలహీనంగా ఉన్న పల్లెల్లో వీడియో 5 నిమిషాల్లో వెళ్లకపోవచ్చు, అప్పుడు మళ్లీ తీయాలి. అలాంటిచోట ఫొటోతోనే సరిపెట్టండి, అడుగు అంచుతో సహా కాగితం మొత్తం వచ్చేలా. లొకేషన్ ముందే ఆన్ చేసి ఆరుబయట కాసేపు నిలబడితే జీపీఎస్ స్థిరపడుతుంది. ఇంటి లోపల నుంచి తీస్తే పక్క వీధి చూపించే ప్రమాదముంది, బృందం వచ్చి ఏమీ కనబడక ఫిర్యాదు మూసేసి వెళ్తుంది. ఒక ఫిర్యాదుకూ మరో ఫిర్యాదుకూ మధ్య యాప్ 5 నిమిషాలు ఆపుతుంది. అందుకే ఒకే చోటి సంగతులన్నీ ఒక్క వీడియోలో పెట్టడం తెలివి.

పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే వీలుంది, చిన్న ఊళ్లలో అది నిజంగా పెద్ద రక్షణ. అయితే ఫోన్ నంబరు ఇవ్వకపోతే ఫిర్యాదు ఏమైందో మీకు తెలియదు. 127ఎ ఫిర్యాదుకు ఆ కాగితమే సాక్ష్యం కాబట్టి అజ్ఞాతంగా పెట్టినా నష్టం లేదు. రేపు కోర్టుకు వెళ్లాలన్న ఆలోచన ఉంటే నంబరుతోనే పెట్టండి.

ఈ యాప్‌లో మాకు నచ్చని పెద్ద లోపం ఇక్కడే ఉంది: తీసిన ఫొటో, వీడియో ఫోన్ గ్యాలరీలో మిగలవు. పాత ఫొటోలు అప్‌లోడ్ కాకుండా ఆపడం వెనక కారణం అర్థమవుతుంది, దొంగ ఫిర్యాదులు తగ్గుతాయి. కానీ ఫిర్యాదుదారు చేతిలో ఏ నకలూ లేకపోవడం అన్యాయం. యాప్‌లో పంపాక అదే దృశ్యాన్ని మామూలు కెమెరాతో మళ్లీ తీసుకోండి. అసలు కాగితాలు రెండు, మూడు దాచండి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరి చేతి నుంచి వచ్చాయో వేరే కాగితం మీద రాసి తేదీ వేయండి.

ఫోన్లలో తిరిగే అబద్ధాల దగ్గర యాప్ దాదాపు చేతులెత్తేస్తుంది. స్క్రీన్‌షాట్ పెట్టే దారి లేదు. ఇంకో ఫోన్ తెరను ఫొటో తీసి పంపేవాళ్లు ఉన్నారు. జీపీఎస్ మీ ఇంటిని చూపిస్తుంది, బృందం మీ గుమ్మం దగ్గరికి వస్తుంది, అక్కడ వాళ్లు తొలగించగలిగింది ఏదీ ఉండదు. ఇలాంటివాటికి జిల్లాలో ఎన్నికల ప్రకటనలను పరిశీలించే మీడియా సర్టిఫికేషన్, మానిటరింగ్ కమిటీకి, రిటర్నింగ్ అధికారికి రాతపూర్వకంగా ఇవ్వాలి. ఓటరు హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చేయవచ్చు, సంఘం జాతీయ ఫిర్యాదుల పోర్టల్‌లోనూ నమోదు చేయవచ్చు. ఫిర్యాదులో పోస్టు పూర్తి లింకు, పెట్టిన ఖాతా పేరు, చూసిన తేదీ, సమయం, అబద్ధమన్న వాక్యం ఉన్నదున్నట్టు, దాన్ని తప్పని చూపే పత్రం నకలు ఉండాలి. వీడియో అయితే ఎన్నో నిమిషంలో ఉందో రాయండి. లింకు లేని స్క్రీన్‌షాట్‌తో ఏ సంస్థకూ ఏదీ తొలగించే వీలుండదు.

ఆ పోస్టు పార్టీ అధికారిక ఖాతాలో ఉంటే మీ పట్టు బిగుస్తుంది. డీప్‌ఫేకులు (కృత్రిమ మేధతో చేసిన నకిలీ వీడియోలు, ఆడియోలు), తప్పుడు సమాచారం తమ దృష్టికి వచ్చిన 3 గంటల్లో పార్టీలు తీసేయాలని సంఘం 2024 మే 6న ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పోలింగ్ మే 13న, అంటే సరిగ్గా వారం ముందు. "దృష్టికి వచ్చిన" అన్న మాట కీలకం. అందుకే పార్టీ జిల్లా కార్యాలయానికి ఈమెయిల్ పంపి, ఆ సమయం ఉన్న నకలును అధికారికి ఇచ్చే ఫిర్యాదుతో జతచేయండి. డబ్బు కట్టి వేయించిన పోస్టు అయితే మెటా యాడ్ లైబ్రరీలో, గూగుల్ యాడ్స్ ట్రాన్స్‌పరెన్సీ సెంటర్‌లో ఎవరు చెల్లించారో వెతకండి. 123(4)లో అడిగే సమ్మతికి అది మొదటి ఆనవాలు కావచ్చు.

టీవీ ప్రకటనలకు మీడియా కమిటీ ముందస్తు సర్టిఫికెట్ తప్పనిసరి. ఈ పద్ధతికి పునాది మన దగ్గరి కేసే. కేబుల్ టీవీలో రాజకీయ ప్రకటనలపై ఉన్న నిషేధాన్ని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2004 మార్చిలో కొట్టేసింది, జెమినీ టీవీ ప్రతివాదిగా ఉన్న అప్పీలులో సుప్రీంకోర్టు అదే ఏడాది ఏప్రిల్ 13న ఈ ముందస్తు పరిశీలన ఏర్పాటును ఆదేశించింది. గుర్తింపు పొందిన పార్టీలు, అభ్యర్థులు ప్రసారానికి కనీసం 3 రోజుల ముందు, ఇతరులు 7 రోజుల ముందు దరఖాస్తు చేయాలి. ప్రకటన రెండు కాపీలు, ధ్రువీకరించిన రాతప్రతి, తయారీ ఖర్చు, ప్రసార ఖర్చు ఇవ్వాలి. పత్రికా ప్రకటనలకు ఈ సర్టిఫికెట్ పోలింగ్ రోజున, దాని ముందు రోజున మాత్రమే కావాలి. ప్రకటనలో అబద్ధముందనుకుంటే కమిటీని అడగాల్సిన మొదటి ప్రశ్న: దీనికి సర్టిఫికెట్ ఉందా, ఉంటే ఆమోదించిన రాతప్రతికీ ప్రసారమైనదానికీ తేడా ఉందా? సర్టిఫికెట్ లేదని తేలితే అబద్ధమో కాదో చూడకముందే ఆ ప్రకటన ఆగుతుంది.

సంఘం 2024 ఏప్రిల్‌లో పెట్టిన "మిత్ వర్సెస్ రియాలిటీ" రిజిస్టరులో ఇలాంటివాటి కోసం వెతికి లాభం లేదు. అది ఈవీఎంలు, ఓటరు జాబితా లాంటి ఎన్నికల ప్రక్రియపై పుకార్లకు జవాబు, అభ్యర్థుల మీది అబద్ధాలకు కాదు. సర్పంచి, మున్సిపల్ ఎన్నికల్లో సి-విజిల్ ఉండదు, అవి రాష్ట్ర ఎన్నికల సంఘం పరిధి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 పంచాయతీ ఎన్నికలకు రాష్ట్ర సంఘం ఈ-వాచ్ పేరుతో సొంత యాప్ తెచ్చింది గానీ హైకోర్టు దాని వాడకాన్ని ఆపింది.

యాప్ పోలింగ్ మరుసటి రోజు వరకే పనిచేస్తుంది. ఎన్నిక రద్దు కోరే అసలు పోరాటం ఆ తర్వాత హైకోర్టులో మొదలవుతుంది. అక్కడ ఎలక్ట్రానిక్ సాక్ష్యం ఎలా ఓడిపోతుందో కేరళలోని ఎరనాడ్ కేసు చూపింది. 2011 అసెంబ్లీ ఎన్నికల్లో తన మీద అబద్ధపు పాటలు, ప్రకటనలు, ప్రసంగాలతో ప్రచారం చేశారంటూ పి.వి.అన్వర్ సీడీలు దాఖలు చేశారు. సాక్ష్య చట్టం 65బి సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ రికార్డును ధ్రువీకరించే పత్రం) లేదన్న కారణంతో సుప్రీంకోర్టు 2014లో వాటిని పక్కన పెట్టింది, అప్పీలు కొట్టేసింది. అబద్ధం జరిగిందా లేదా అన్న చర్చ దాకా ఆ సీడీలు చేరనే లేదు. 2020లో ఇంకో ఎన్నికల కేసులోనూ (అర్జున్ పండిత్‌రావ్) అదే నియమం ఖాయమైంది. ఇప్పుడు ఆ స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం 63 ఉంది, సర్టిఫికెట్ నమూనాలో ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే అక్షరాలు, అంకెల గుర్తు) కూడా నింపాలి. వీడియోను తీసిన ఫోన్‌లోనే ఉంచండి, ఎడిట్ చేయవద్దు, వాట్సాప్‌లో పంపుకున్న కాపీని అసలుగా చూపవద్దు. వాట్సాప్ దాన్ని కుదించి మార్చేస్తుంది.

పిటిషన్‌ను ఆ నియోజకవర్గంలోని ఏ ఓటరైనా, అభ్యర్థి అయినా వేయవచ్చు. గడువు ఫలితం ప్రకటించిన రోజు నుంచి 45 రోజులు, ఆలస్యాన్ని మన్నించే అధికారం కోర్టుకు లేదు. అబద్ధం ఎవరు, ఎక్కడ, ఏ తేదీన, ఏ మాటల్లో చెప్పారో పూర్తి వివరాలు, ఫారం 25లో అఫిడవిట్ జతచేయాలి. ఆరోపణ ఎదుర్కొనే అభ్యర్థులందరినీ ప్రతివాదులుగా చేర్చాలి. ఎంతమంది ప్రతివాదులుంటే అన్ని నకళ్లు, ప్రతి దాని మీదా నిజ ప్రతి అని పిటిషనర్ స్వయంగా సంతకం చేయాలి. 2,000 రూపాయల డిపాజిట్ దాఖలు చేసేటప్పుడే కట్టాలి, తర్వాత కడతామంటే కుదరదు.